నీళ్ళ కింద కట్టిన చీర

చిక్కబళ్ళాపురం
సోమవారం మధ్యాహ్నం

నా నీటికోడి రక్షితకు,

ముందు నీ తప్పులు దిద్దుతాను. ముప్పై ఏళ్ళు బడిలో ఎర్ర సిరా వాడిన చేయి, ఊరికే ఉండదు. నిన్న ఫోనులో నువ్వు, "తాతకు భయమంటే ఏమో తెలీదు కదవ్వా, ఆ రక్తం నాకు రాలేదు" అన్నావు. తప్పు. మీ తాతకు భయమంటే ఏమిటో ఈ జిల్లాలో అందరికంటే బాగా తెలుసు. దానికి తోడు, "ఒలింపిక్స్‌లో కడాకు వచ్చినా" అన్నావు. అదీ తప్పే. కడా కాదు, చివరి నుంచి రెండోవాడు. కడాకు వచ్చినవాడికి ఆ రోజు జ్వరమట. ఈ సంగతి మీ తాత ఎవరికీ చెప్పేవాడు కాదు. నేను చెబుతున్నాను. ఎందుకంటే పరువు ఆయనది, నిజం నాది.

నువ్వు ఇంకేదో చెప్పబోయావు. అంతలో మీ నాన్న ఫోను లాక్కుని టైమింగు ఎంత, గుడ్లు పెడుతున్నారా అని మొదలుపెట్టాడు. వారానికి అరగంట మాత్రమే ఫోను ఇచ్చే బెంగళూరు ఈత శిబిరంలో కూతుర్ని చేర్చి, ఆ అరగంటా తానే మాట్లాడే తండ్రి నీకు దొరికాడు. అందుకే ఈ ఉత్తరం. మీ నాన్న మంజునాథ కన్నడ బడిలో చదివినవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం ముక్క చదవలేడు. వేసవి సెలవుల్లో నేను నీ చేత అక్షరాలు దిద్దిస్తే ముక్కు చీదుకుంటూ ఏడ్చావు. ఇప్పుడు చూడు, ఇంత ఇంట్లో మనిద్దరి దగ్గరే తాళంచెవి ఉన్న గది అదొక్కటే.

నీళ్ళలో తల పెట్టలేకపోతున్నావట. నువ్వు చెప్పలేదులే. కోచ్ మీ అమ్మకు ఫోను చేశాడు, మీ అమ్మ పప్పు రుబ్బుతూ నాకు చెప్పింది. కప్ప ఈత ఈదే పిల్ల కోడిలాగా మెడ పైకెత్తి ఈదుతోందట. రాష్ట్రం జట్టుకు ఎంపిక నెల కూడా లేదట. "దిష్టి తగిలిందేమో అత్తమ్మా" అంది శశికళ. దిష్టికి మిరపకాయలు చాలు. నీకు తగిలింది అది కాదు.

ఇది పాతపాళ్య నుంచి వచ్చాక మొదలైంది. నేను చింతామణిలో కంటి ఆపరేషను చేయించుకుని పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చున్న వారంలో, పంచాయితీ మెంబరు అమరేష్ మన ఇంటికి వచ్చాడు. పొలాల్లో తవ్వించిన కృషి హొండలు ఉన్నాయి కదా, నల్ల ప్లాస్టిక్కు పరిచిన నీటిగుంటలు, కాలు పెడితే సబ్బు మీద పెట్టినట్టే. పాతపాళ్యలో అలాంటి ఒకదానిలో ఆశా అనే పిల్ల జారిపోయింది. "ఒలింపిక్ బయ్యప్ప మనవరాలు ఊర్లోనే ఉండాదంట కదా" అని వాళ్ళు అడగడం, మీ నాన్న నిన్ను కారులో ఎక్కించడం. నువ్వు ఆ పిల్ల శవాన్ని తీశావు. పంతొమ్మిది నిండని పిల్లవి.

ఇప్పుడు మన ఊర్లో కొత్త ఈతకొలనుకు మీ తాత పేరు పెడుతున్నారు. బ్యానరు మన అంగడిలోనే, పైపుల పక్కన, చుట్టి పెట్టి ఉంది. అందులో నీ ఫోటో కింద 'జీవరక్షక దళ నాయకి' అని వేయించారు. అంటే ఏమిటో తెలుసా? ఇకమీదట ఈ మూడు తాలూకాల్లో ఎవరు నీళ్ళలో పడినా మన ఇంటి తలుపు తడతారు. నీ మాట ఎవరూ అడగలేదు. మీ తాత మాటా అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఆయన బట్లహళ్ళిలో, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావిలో ఈత నేర్చాడు. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి తోసేశారు, అంతే, అదే కోచింగు. బావిలో ఈదేవాడికి పొడవు దొరకదు, లోతే దొరుకుతుంది. కాబట్టి పైన ఈదిన దానికంటే కింద ఈదిందే ఎక్కువ. యాభై రెండులో ఆ ఫిన్లాండు దేశం పోయి, పొద్దు మునగని ఊర్లో, చల్లని నీళ్ళలో మన కప్ప ఈతే ఈదాడు. తక్కినవాళ్ళు రెండు చేతులూ పక్షిలాగా నీళ్ళ పైకి ఎత్తి విసిరి వెళ్ళిపోయారు. మరుసటేడు రూలు మార్చి, ఆ పక్షుల ఈతను వేరే పోటీ చేశారు. ఇక కప్ప ఈతలో ఎవరు నీళ్ళ కింద ఎక్కువసేపు ఈదితే వాళ్ళదే గెలుపు అయింది. నీళ్ళ కింద మీ తాతను కొట్టేవాడు అప్పుడు లేడు. తర్వాతి ఒలింపిక్స్ మెల్బోర్నులో, దానికి ఎంపిక బొంబాయిలో. ట్రంకుపెట్టెతో చింతామణి స్టేషనులో చిన్న రైలు ఎక్కి కూర్చున్నాడు. ఒక బిడ్డ బావిలో పడిందని పోలీసు జీపు స్టేషనుకే వచ్చింది. దిగాడు. రైలు వెళ్ళిపోయింది. ఆ తర్వాత నీళ్ళ కింద ఈదకూడదని మళ్ళీ రూలు మార్చారు. ఆయన రేష్మె ఇలాఖెలో, అంటే పట్టు శాఖలో, గుమాస్తా అయ్యాడు. ఇది నీకు తెలిసిన కథే, దిగాడన్న ముక్క తప్ప. రైలు తప్పిపోయింది అని ఇంట్లో చెప్పుకుంటాం.

దిగినందుకు ఆయన ఎప్పుడూ చింతించలేదు, అది బిడ్డ. చింతించింది ఏమంటే, ఆ తర్వాత ఊరు ఆయన్ను ఇక ఎప్పుడూ ఎక్కనివ్వలేదు. మైసూరుకు బదిలీ అడిగితే ఊరి పెద్దలంతా అర్జీ పెట్టి ఆపించారు, పైగా శాలువా కప్పారు. జీపు శబ్దం వింటే చేతిలో ముద్ద కింద పడేది. బావిలో పడినవాళ్ళను తీయడానికి ఆయన ఉన్నాడు. ఊరి నోట్లో పడిన ఆయన్ను తీయడానికి ఎవరూ లేరు.

ఇది చదివి నువ్వూ నిజం రాయి. శవాన్ని ముట్టుకున్నందుకా భయం? దాచకు. నాకు కన్ను బాగైంది, పెద్ద అక్షరాలు అక్కర్లేదు.

నీ అవ్వ,
సులోచనమ్మ


చిక్కబళ్ళాపురం
శుక్రవారం

నా చేత ఉత్తరం మూడుసార్లు చదివించిన రక్షితకు,

నీ అక్షరాలు కోడి గీరినట్టున్నాయి. అది ముందు చెప్పేస్తే తర్వాత మంచిగా మాట్లాడుకోవచ్చు.

శవం కాదన్నావు. ఆశా చేయి పట్టుకున్నప్పుడు భయం వేయలేదు, పాపం అనిపించింది అన్నావు. పైకి వచ్చాక చూస్తే గట్టు నిండా ఫోన్లు, ఆ పిల్ల ఒంటి మీద గుడ్డ సరిగ్గా లేదు, కప్పడానికి నీ దగ్గర ఏమీ లేదు, నీ చేతులతోనే కప్పాలని చూస్తే ఎవరో "పాపా, కొంచెం పక్కకు జరుగు, కనిపించలే" అన్నారు. ఆ వీడియో నీ ఫోనుకు కూడా వచ్చింది. పంపింది మీ నాన్న. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, 'హెమ్మెయ మగళు' అని, గర్వకారణమైన కూతురట. ఇప్పుడు నీళ్ళలో తల పెడితే, పైకి లేచేటప్పుడు గట్టు మీద వాళ్ళు ఉంటారేమో అనిపిస్తుంది. మునగడానికి కాదు నీ భయం, లేవడానికి.

నేను ఈ మాటలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. మీ అమ్మ కాఫీ తెచ్చి, చల్లారిపోయిందని తిట్టి, మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

నీకిప్పుడు చెప్పేది మీ నాన్నకు కూడా తెలియదు. మీ తాత చెప్పొద్దన్నాడు. ఆయన పోయి పదేళ్ళు దాటింది. ఇక నా ఇష్టం.

మా పెళ్ళికి ముందు సంగతి. నేను చింతామణి దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. వీధి చివరి బావిలో ఒకామెను తీస్తున్నారని జనం పరిగెత్తారు. నేనూ పోయాను. అప్పట్లో ఫోన్లు లేవు కానీ కళ్ళున్నాయి. ఆయన ఆమెను పైకి తెచ్చాడు. చీర యాడో నీళ్ళల్లోనే ఊడిపోయింది. గట్టు మీద ఒకడు ఏదో అన్నాడు, ఇద్దరు నవ్వారు. ఆయన తల ఎత్తి వాళ్ళను చూశాడు. చూసి, ఆమెను పట్టుకుని మళ్ళీ మునిగిపోయాడు.

జనం నోరు తెరిచారు. పైకి తెచ్చిన శవాన్ని ఎవడైనా తిరిగి కిందికి తీసుకుపోతాడా? కొంచెంసేపటికి ఒక్కడే తేలి, "ఒక గుడ్డ ఇయ్యండప్పా, ఏదైనా సరే" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. శవాన్ని ముట్టిన గుడ్డ ఇంటికి తిరిగి రాకూడదు కదా, అందరికీ తమ తమ పంచెలు ఆ క్షణంలోనే కొత్తవి అయిపోయాయి. నేను అత్త ఇంటికి పరిగెత్తి, దండెం మీద ఆరేసిన ఆమె ఆకుపచ్చ చీర లాగి తెచ్చి బావిలోకి విసిరాను. ఆయన అది తీసుకుని మునిగాడు. ఈసారి చాలాసేపు లేవలేదు. గట్టు మీద కుర్రవాళ్ళు, "ఒలింపిక్ దమ్ము చూడరా" అని లెక్కపెట్టారు. దమ్ము చూపించడం లేదు, కింద చీకట్లో, చేతి తడుముడుతో, ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి చీర కడుతున్నాడు. పైకి వచ్చినప్పుడు ఆమె భుజం మీద కొంగు కూడా ఉంది.

మా అత్త నన్ను ఆరు నెలలు తిట్టింది. ఆయన పెళ్ళికి అడగడానికి వచ్చినప్పుడు, "చీరా పోయె, పిల్లా పోయె, ఈయప్ప మాత్రం ఖాళీ చేతుల్తో వస్తాండాడు" అంది.

అప్పటినుంచి ప్రతిసారీ ఒక చీర మడిచి నేనే ఆయన నడుముకు కట్టి పంపేదాన్ని. నా పెళ్ళి చీరలు ఏవవ్వా అని నువ్వు ఎన్నిసార్లు అడిగావో, చెదలు తిన్నాయి అని నేను ఎన్నిసార్లు చెప్పానో. చెదపురుగుల మీద నేను వేసిన నింద చాలా పెద్దది. వెంకటగిరిది నాగరగెరె బావిలో ఒక ముసలామెకు పోయింది. అంచు బాగా నప్పిందని ఇంటికి వచ్చి చెప్పాడు. ఆయన పిచ్చి అలాంటిది.

పోటీలో నీళ్ళ కింద ఉండకూడదని రూలు పెట్టినవాళ్ళకు తెలియదు, ఆ దమ్మును మీ తాత ఎక్కడ ఖర్చు పెట్టాడో. అయితే రక్షితా, ఇది విని "ఆహా, మా తాత దేవుడు, నేనూ చీర కట్టుకుని పోతా" అని మాత్రం అనుకోవద్దు. అందుకు చెప్పలేదు. దేవుడేమీ కాదు. ఒకచోటి నుంచి బయటికి రాలేక, ఉన్నచోటే కొంచెం మర్యాద చేసుకున్న మనిషి. పోయే ముందు ఏడాది, టీవీలో ఎవరో ఈదుతుంటే చూసి, "సులోచనా, నీళ్ళంటే నాకెంత ఇష్టమో మర్చేపోయినా" అన్నాడు.

ఎంపికకు పోతావో మానతావో నీ ఇష్టం. కానీ ఆ బ్యానరు సంగతి నాకు వదిలెయ్. ఎలా చేస్తానో నాకూ ఇంకా తెలియదు.

చెదపురుగులకు క్షమాపణ చెప్పుకోవాల్సిన
నీ అవ్వ


చిక్కబళ్ళాపురం
బుధవారం

రక్షితకు, మీ ఇంటి ముసలిది రాసేది,

తెలిసింది అనుకుంటాను, అయినా నా నోటి నుంచి విను. మీ నాన్న చెబితే తన మాటలన్నీ కత్తిరించి చెబుతాడు.

నిన్న మేము అన్నానికి కూర్చుంటుంటే అమరేష్ వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు. బట్లహళ్ళి పక్క తోటలో మునివెంకటమ్మ అనే ఆమె చెల్లెలు మోటారు వేయడానికి పోయి బావిలో పడిపోయింది, పొద్దున్నే. చూసినవాళ్ళు ఉన్నారు, ఆశ లేదు.

"పాప యాడుండాదవ్వా? బెంగళూరుకు కారు పంపిస్తాము. రెండు గంటల్లో పిలుచుకొస్తాము."

మీ నాన్న అప్పటికే తాళాలు తీసుకుని కోచ్ నంబరు వెతుకుతున్నాడు. నేను పీట మీది నుంచి లేవలేదు. కంచం మాత్రం పక్కకు జరిపాను.

"పాప రాదప్పా," అన్నాను. "ఫైర్ స్టేషనుకు ఫోను చెయ్యి."

"వాళ్ళొచ్చేదానికి శానా పొద్దు అవుతాదవ్వా."

"బెంగళూరు నుంచి పాప వచ్చేదానికి కాదా?"

అమరేష్ వెనకవాళ్ళ వైపు చూశాడు. "జనం ఒప్పరవ్వా. ఒలింపిక్ అప్ప ఇంటోళ్ళుండంగా, ఎవురో రావాల్నా అంటాండారు."

"చచ్చిపోయినామెకు తొందర లేదు నాయనా. తొందరంతా మీకే."

మంజునాథకు కోపం వచ్చింది. నీకు తెలుసు కదా, కోపం వస్తే వాడు కన్నడలోకి పోతాడు. కానీ నిన్న తెలుగులోనే అన్నాడు, "అమ్మా, నాయన అయితే పోయుండేవాడు."

"పోయుండేవాడు," అన్నాను. "అందుకే నేను పోనియ్యను."

అమరేష్ ముందరే చెప్పాను, రైలు తప్పిపోలేదు, దింపారు అని. మైసూరు బదిలీ సంగతి చెప్పాను. ముద్ద కింద పడేది, ఎత్తి కడిగింది నేను అని చెప్పాను. చీరల సంగతి చెప్పాను. చివరగా, "నీ కూతురు చేతులతో కప్పిన దాన్ని నువ్వు ఎంతమందికి పంపినావురా?" అని అడిగాను. గట్టిగా అడగలేదు. వాడు తాళాలు బల్ల మీద పెట్టేశాడు. శశికళ వచ్చి నా కంచం తీసుకుపోయింది. తర్వాత వాడు ఫోను తీసి, కోచ్‌కు కాదు, అగ్నిమాపక వాళ్ళకు చేశాడు. చేసి, "నడువమ్మా, నువ్వూ రా" అన్నాడు.

నేను ఎందుకు పోయానంటావా? వద్దని ఇంట్లో కూర్చుని చెప్పడం సులభం. ఆ మునివెంకటమ్మ మొహం చూసి చెప్పాలి కదా. పోయి చెప్పాను. నా మనవరాలిని పంపలేదమ్మా, తీసేవాళ్ళు వస్తున్నారు, వచ్చేదాకా నీ పక్కన ఉంటాను అని. తిడుతుందనుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుని, "మీ పాపే రావాలని నేను యాడ చెప్పినా? నా చెల్లిని ఎవురూ చూడకుంటే చాలు" అంది.

అంతే. మూడు తాలూకాల జనం ఆమె కోసమే నిన్ను పిలుస్తున్నామని అనుకున్నారు, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆడవాళ్ళను పిలిచాను. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క చీర. శవం మైల అంటిన చీర ఇంటికి పోదని ఒకామె సణిగింది. "నా చీరలు యాభై ఏళ్ళ నుంచి ఇంటికి పోలేదు, నేను బానే ఉన్నాను" అన్నాను. బావి చుట్టూ ఉన్న రాతి కూసాలకు, ఆ నిలువు రాళ్ళకు, కట్టి తెర చేశారు. మగపిల్లలు చెట్లు ఎక్కబోతే మీ నాన్న, మీ నాన్నే, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "ఫోను తీసినోడి ఫోను బావిలో ఏస్తా" అన్నాడు. నేను వాణ్ణి కన్నందుకు ఒక రోజైనా సంతోషించాలి కదా, నిన్న సంతోషించాను.

అగ్నిమాపక బండి వచ్చింది. పునీత్ అనే అబ్బాయి, నడుముకు తాడు, వీపు మీద గాలి సిలిండరు. జీతం ఉంది, సెలవు ఉంది, ఇద్దరు తోడు ఉన్నారు. మీ తాతకు ఇవేవీ లేవు. నేను మడిచిన చీర అతని చేతిలో పెట్టాను.

"ఇదెందుకవ్వా?"

"కిందనే కట్టి తీసుకురా నాయనా. నీకు గాలి ఉంది కదా, తొందర పడొద్దు."

అతను ఒక్క క్షణం నన్ను చూసి, చీర తాడులో దోపుకుని దిగాడు. ఆమె పైకి వచ్చినప్పుడు తెర లోపల మునివెంకటమ్మ, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మాత్రమే ఉన్నాం. కొంగు సరిగ్గా లేదు, అది నేను సర్దాను. అబ్బాయి మొదటిసారి కట్టాడు, నేర్చుకుంటాడు.

రాత్రి మీ నాన్న బ్యానరు విప్పి, నీ ఫోటో ఉన్న భాగం కత్తిరించాడు. తాత పేరు ఉంచాడు. కొలను అంటే పిల్లలు ఆడుకునేది, ఆ పేరుకు అభ్యంతరం లేదు. ప్రారంభం రోజు నువ్వు రావాలనిపిస్తే రా, లేకపోతే మీ అమ్మ ఈదుతుంది, ఆమెకు రాదు, అది వేరే సంగతి. 'హెమ్మెయ మగళు' వీడియో తాను పంపిన ప్రతివాడికీ తీసేయమని ఒక్కొక్కరికే ఫోను చేస్తున్నాడు. ఇంకా అయిపోలేదు. చేయనీ.

ఇప్పుడే నీ కార్డు వచ్చింది. మొన్న కొలనులో మునిగి, నీళ్ళ కిందనే మూడు బారలు వేసి లేచావన్నావు. కోచ్ అరిచాడన్నావు, కింద ఒక్క బార కంటే ఎక్కువ వేస్తే పోటీలోంచి తీసేస్తారని. అరవనీ. రూలు పెట్టేవాళ్ళకు మన ఇంటితో పాత పగ. ఎంపిక రోజుకు ఒక్కటే వెయ్యి. మిగతా రోజుల్లో నీకెన్ని కావాలంటే అన్ని.

ఆదివారం నిన్ను ఇంటికి పంపమని మీ నాన్న కోచ్‌ను అడిగాడు, ఒప్పుకున్నాడు. బస్సులో రా, కారు వద్దు. వచ్చేటప్పుడు ఒక పని. ఈ కవరులో పాత మిక్సీ జారు కింది రబ్బరు వాషరు పెట్టాను, చూడు, చిరిగిపోయి కారుతోంది. సరిగ్గా ఆ కొలతదే కావాలి. అంగడివాడు దొరకదు, జారు మొత్తం కొనండి అంటాడు, వినొద్దు, పక్క అంగడికి పో. రెండు తీసుకో, ఒకటి మీ అమ్మ పోగొట్టడానికి. చిల్లర లేదని చాక్లెట్లు ఇస్తే తీసుకోకు.

నీ అవ్వ,
సులోచనమ్మ